చదరంగపు 64 గళ్ళు – ఒక మహాసంఖ్య చరిత్ర

మనుషులకు ఉన్నట్టే కొన్ని సంఖ్యలకు కూడా చరిత్ర వున్నది. అవి ఒక దేశంలో పుట్టి, ఇంకొక దేశంలో పేరు తెచ్చుకొని, వేరొక భాషలో పద్యంగా మారి, చివరకు మన పిల్లల పలక మీదికి వస్తాయి. అటువంటి ఒక సంఖ్యను గురించి యీ వార్షిక సంచికలో మన సభ్యులకు, వారి కుటుంబాల వారికి నాలుగు మాటలు చెప్పదలచినాము. రియాజీ పేరు వినగానే పేజీ తిప్పేయవద్దని ముందే మనవి. కూడిక, గుణకారం వస్తే చాలు, యీ వ్యాసం అర్థమవుతుంది.

ఆ సంఖ్య యిది: 1,84,46,74,40,73,70,95,51,615.

మొత్తం ఇరవై అంకెలు. నోటితో చెప్పాలంటే సుమారు లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు. ఒక కోటి కాదు, వెయ్యి కోట్లు కాదు, కోట్ల కోట్లు! ఇంత పెద్ద సంఖ్య ఎవరికి, ఎందుకు కావలసి వచ్చింది? దానికి జవాబు ఒక ఆటలో వున్నది.

రాజు నవ్విన కోరిక

చదరంగం హిందుస్థానంలో పుట్టింది. మన చతురంగమే ఇరాన్ వెళ్ళి చత్రంగ్ అయింది, అరబ్బుల నోట షత్రంజ్ అయింది. మన ఇండ్లలో పెద్దలు ఇప్పటికీ షత్రంజ్ అనే అంటారు. ఆ ఆటతో పాటు ఒక కథ కూడా ప్రయాణం చేసింది.

13వ శతాబ్దంలో దమిష్క్ నగరంలో ఖాజీగా పనిచేసిన ఇబ్న్ ఖల్లికాన్ (1211–1282) ప్రసిద్ధుల జీవితాల మీద ఒక పెద్ద గ్రంథం వ్రాసినాడు. అందులో షత్రంజ్ ఆటలో పేరుమోసిన అస్సూలీ అనే పండితుని గురించి చెప్తూ యీ కథ చెప్పినాడు. హిందుస్థానపు రాజు షిహ్రామ్ కోసం సిస్సా ఇబ్న్ దాహిర్ అనే విద్వాంసుడు యీ ఆటను కల్పించినాడట. రాజు సంతోషించి, ఏం కావాలో కోరుకొమ్మన్నాడు. మొదటి గడిలో ఒక గోధుమ గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇట్లా గడి గడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్ళూ నింపి ఇప్పించమన్నాడు సిస్సా. ఇంత చిన్న కోరికా అని రాజు చిన్నబుచ్చుకున్నాడు. లెక్క చూసిన దివాన్ ఉద్యోగులు వచ్చి, మన రాజ్యంలోనే కాదు, ప్రపంచంలోనే అంత ధాన్యం లేదని చెప్పినారు. ఆటను కనిపెట్టినదాని కంటె యీ కోరిక కోరడమే గొప్ప తెలివి అని రాజు మెచ్చుకున్నాడట.

కథ నిజమా, కల్పితమా అన్నది వేరే సంగతి. ఇబ్న్ ఖల్లికాన్ దానిని విన్న తీరు మాకు ఎక్కువ నచ్చుతుంది. ఆయన కూడా మొదట నమ్మలేదు. అలెగ్జాండ్రియా నగరపు లెక్కల మనిషి ఒకడు కాగితం మీద వేసి చూపించిన తరువాతనే నమ్మినాడు. ఆ లెక్కల మనిషి గింజలను కొలతలలోకి, కొలతలను ధాన్యపు కొట్లలోకి, కొట్లను పట్టణాలలోకి మార్చుకుంటూ పోయినాడు. 50వ గడికి 1,024 కొట్లు అయినవి. అన్ని కొట్లు వుంటే దానిని ఒక పట్టణం అనుకుందామన్నాడు. 64వ గడికి వచ్చేసరికి 16,384 పట్టణాలు అయినవి. పెద్దమనిషి చెప్పినాడని ఊరుకోకుండా లెక్క వేసి చూపించమనడం, చూసిన తరువాత ఒప్పుకోవడం – యీ రెండూ చదువుకున్న వారి లక్షణాలు.

అల్‌బిరూనీ చూపిన దగ్గరి దారి

ఇబ్న్ ఖల్లికాన్ కంటె రెండు వందల ఏండ్లకు పైగా ముందే యీ సంఖ్యను లెక్క కట్టిన మహానుభావుడు అబూ రైహాన్ అల్‌బిరూనీ. 973లో ఖ్వారిజమ్‌లో పుట్టినాడు. హిందుస్థానాన్ని గురించి ఆయన వ్రాసిన పుస్తకం (సుమారు 1030) మన చరిత్ర పాఠాలలో వస్తుంది. కాని అంతకు ముందే, సుమారు క్రీ.శ. 1000లో, పాత జాతుల కాలగణనలను గురించి వ్రాసిన గ్రంథంలో షత్రంజ్ సంఖ్యను ఇచ్చినాడు. దానిని మూడు విధాలుగా వ్రాసి చూపినాడు: హిందూ అంకెలలో, అరవై అరవైగా లెక్కించే ఖగోళ పద్ధతిలో, అబ్జద్ అక్షరాలలో.

64 సార్లు రెట్టింపు చేసుకుంటూ పోతే ఎక్కడో ఒక చోట తప్పు రావడం ఖాయం. అందుకని అల్‌బిరూనీ రెండు సూత్రాలు చెప్పినాడు. మొదటిది: ఒక గడిలోని సంఖ్యను అదే సంఖ్యతో గుణిస్తే, మొదటి గడి నుండి అది ఎంత దూరమో అంతే దూరం ముందున్న గడి సంఖ్య వస్తుంది. ఐదో గడిలో 16. పదహారు పదహార్లు 256, అది తొమ్మిదో గడి. రెండోది: ఏ గడిలో అయినా ఉన్న సంఖ్య, దాని వెనుక గళ్ళన్నింటి మొత్తం కంటె సరిగ్గా ఒకటి ఎక్కువ. 1, 2, 4 కలిపితే 7. తరువాత గడిలో 8. చూడండి, ఎంత సులభమో!

ఇక దారి తెరుచుకున్నది. 16ను 16తో గుణిస్తే 256. 256ను 256తో గుణిస్తే 65,536. దానిని దానితోనే గుణిస్తే 4,29,49,67,296, అనగా 33వ గడి. మరొకసారి దానిని దానితోనే గుణిస్తే 65వ గడి వస్తుంది. అటువంటి గడి బల్ల మీద లేదు గాని, రెండో సూత్రం ప్రకారం అందులో నుండి ఒకటి తీసేస్తే 64 గళ్ళ మొత్తం వచ్చేసినట్టే. నాలుగే గుణకారాలు, ఒక తీసివేత!

గోదావరి ఒడ్డున అదే సంఖ్య

ఇక మన తెలుగుదేశానికి వద్దాం. తెలుగులో మొట్టమొదటి గణిత గ్రంథం పావులూరి మల్లన వ్రాసినది. దానిని పావులూరి గణితము అనీ, సారసంగ్రహ గణితము అనీ అంటారు. మల్లన రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుని (1022–1061) కాలం వాడని కొందరు పండితులు, ఆ కాలపు మల్లనకు మనుమడని మరికొందరు అంటారు. ఎట్లా చూసినా నన్నయ కాలానికి దగ్గరివాడే. తెలుగులో మహాభారతం మొదలైన రోజులలోనే లెక్కల పుస్తకం కూడా మొదలైందన్నమాట.

మల్లనకు ఆధారం మహావీరాచార్యుడు సంస్కృతంలో వ్రాసిన గణితసారసంగ్రహం. ఆ మహావీరుడు 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో వున్న జైన పండితుడు. ఆయనకు వింత సంఖ్యలంటే మక్కువ. 1,23,45,679ని 9తో గుణిస్తే 11,11,11,111 వస్తుంది, అన్నీ ఒకట్లే. 14,28,57,143ని 7తో గుణిస్తే 1,00,00,00,001 వస్తుంది, రెండు కొసలా ఒకట్లు, నడుమ అన్నీ సున్నాలు. ముందు నుండి చదివినా వెనుక నుండి చదివినా ఒకటే కనుక ఇటువంటి వాటిని మెడలో వేసుకునే హారాలతో పోల్చినాడు. మల్లన ఆ గ్రంథాన్ని మక్కీకి మక్కీ దించలేదు. తెలుగు వారికి తగినట్టు ఉదాహరణలు మార్చి, అంతా పద్యాలలో చెప్పినాడు.

ఆ పద్యాలలో ఒకటి మన చదరంగపు సంఖ్య. ఇరవై అంకెలను పద్యంలో ఎట్లా ఇమిడ్చినాడు? దానికి భూతసంఖ్య అనే పద్ధతి వున్నది. అంకెకు బదులు వస్తువు పేరు చెప్తారు. చంద్రుడు ఒక్కడే గనుక చంద్రుడంటే 1. అగ్నులు మూడు గనుక అగ్ని అంటే 3. వేదాలు నాలుగు, మన్మథుని బాణాలు ఐదు, కొండలు ఏడు, దిక్కుల ఏనుగులు ఎనిమిది. ఆకాశం అంటే శూన్యం, అనగా సున్న. అంకెలను ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి ఎడమ వైపుకు పోతూ చెప్పాలని నియమం. మల్లన పద్యం బాణంతో, అనగా 5తో, మొదలై చంద్రునితో, అనగా 1తో, ముగుస్తుంది. మన సంఖ్యకు కుడి కొసన 5, ఎడమ కొసన 1. నడుమ అంకెలన్నీ మేము ఒకటొకటిగా సరిచూచినాము. ఇరవై అంకెలలో ఒక్కటి కూడా తప్పు లేదు.

పద్యంలో ఎందుకు చెప్పినాడు అని పిల్లలు అడుగుతారు. తాటాకు మీద అంకె ఒకటి చెరిగిపోతే లెక్క అంతా పాడు. కాని పద్యంలో మాట మారితే గణం తప్పుతుంది, విన్నవారు వెంటనే పట్టుకుంటారు. పద్యం అంకెలకు కాపలా అన్నమాట.

ఉర్దూ చదివిన వారికి యీ పద్ధతి కొత్తగా తోచదు. మనకు అబ్జద్ వున్నది. అలిఫ్‌కు 1, బేకు 2, అట్లా పోయి గైన్‌కు 1,000. మన హైదరాబాద్ పుట్టిన హిజ్రీ 1000వ సంవత్సరాన్ని (క్రీ.శ. 1591) యా హాఫిజ్ అనే మాటలో దాచినారు. యే 10, అలిఫ్ 1, హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. కూడి చూడండి, సరిగ్గా వెయ్యి. గోదావరి ఒడ్డు పండితుడు ఏనుగులతో, బాణాలతో అంకె చెప్పినాడు. మన బుజుర్గులు అక్షరాలతో చెప్పినారు. మరచిపోకుండా వుండాలన్న ఆలోచన ఇద్దరిదీ ఒకటే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అల్‌బిరూనీకి తెలుగు రాదు. మల్లన అరబ్బీ చదివిన జాడ లేదు. ఇద్దరికీ మతం వేరు, లిపి వేరు, రాజు వేరు. నడుమ వేల మైళ్ళ దూరం. అయినా ఇద్దరూ ఇరవై అంకెల దాకా ఒకే జవాబు వ్రాసినారు. 1202లో ఇటలీ దేశపు ఫిబొనాచీ కూడా తన పుస్తకంలో యీ చదరంగపు లెక్కను పెట్టినాడు. లెక్కకు కులం, మజహబ్, మీడియం లేవు. సరిగ్గా చేసిన వారందరికీ ఒకటే జవాబు.

సంఖ్యలోని వింతలు

ఇంత పెద్ద సంఖ్య సరిగ్గా వున్నదో లేదో ఎట్లా తెలుసుకోవాలి? తొమ్మిదితో పరీక్ష చేయవచ్చు. ఇరవై అంకెలనూ కూడితే 87. ఎనిమిది, ఏడు కూడితే 15. ఒకటి, ఐదు కూడితే 6. ఇప్పుడు గళ్ళ వైపు నుండి చూద్దాం. గడి గడికీ గింజలను తొమ్మిదితో భాగిస్తే మిగిలేది వరుసగా 1, 2, 4, 8, 7, 5. ఏడో గడి నుండి మళ్ళీ అదే వరుస. యీ ఆరూ కూడితే 27, తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. కనుక 60 గళ్ళు పోయినట్టే. మిగిలిన నాలుగు గళ్ళకు 1, 2, 4, 8 కూడితే 15, అనగా 6. రెండు వైపులా 6 వచ్చింది. పలక మీద రెండు నిమిషాల పని.

రెండో వింత. బల్లలో సగం, అనగా మొదటి 32 గళ్ళ మొత్తం 4,29,49,67,295. దానికి రెండు కలపండి, 4,29,49,67,297. యీ రెండింటినీ గుణిస్తే మన మహాసంఖ్య వస్తుంది. సగం బల్ల సంఖ్యను విడగొడితే 3, 5, 17, 257, 65,537 అనే ఐదు సంఖ్యల లబ్ధం. అయిదూ ప్రధాన సంఖ్యలే, ఇంకా భాగించడానికి వీలులేనివి. 17వ శతాబ్దపు ఫ్రాన్సు గణితవేత్త ఫెర్మా యీ వరుసలో తరువాత వచ్చే 4,29,49,67,297 కూడా ప్రధాన సంఖ్యే అని నమ్మినాడు. అంత గొప్పవాడు అన్నాడు గనుక చాలా కాలం ఎవరూ కాదనలేదు. 1732లో ఆయిలర్ అనే పండితుడు అది 641తో భాగింపబడుతుందని చూపించినాడు. 641ని 67,00,417తో గుణించి చూసుకోండి. ఫెర్మా మాట తప్పని తేలడానికి ఒక్క గుణకారం చాలింది.

మూడోది. 1883లో ఫ్రాన్సు దేశస్థుడు లూకా ఒక ఆటబొమ్మ తయారుచేసినాడు. మూడు కడ్డీలు, ఒకదాని మీద పెద్ద నుండి చిన్నదాకా బిళ్ళలు. ఒకసారికి ఒకటే తీయాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టరాదు. కాశీ గుడిలో 64 బంగారు బిళ్ళలు ఇట్లా మారుస్తున్నారని దానికొక కథ కూడా అల్లినారు. 64 బిళ్ళలు ఒక కడ్డీ నుండి ఇంకొక కడ్డీకి మారాలంటే ఎన్నిసార్లు తీయాలి? సరిగ్గా మన సంఖ్య అంత. క్షణానికి ఒకటి చొప్పున రాత్రింబగళ్ళు మార్చినా 58 వేల కోట్ల ఏండ్లకు పైనే పడుతుంది.

నాలుగోది మన జేబులోనే వున్నది. కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు అంకెలను ఒకటి, సున్న అనే రెండు గుర్తులతోనే పట్టుకుంటాయి. నేటి యంత్రాలలో ఒక సంఖ్యకు 64 స్థానాలు వుంటాయి. ఆ 64లోనూ ఒకట్లే పెడితే వచ్చేది సిస్సా అడిగిన గింజల సంఖ్యే.

మేడ్చల్ జిల్లా మీద పోస్తే

పెద్ద సంఖ్య కాగితం మీద చూస్తే భయం వేయదు, మన ఊరి కొలతలోకి తెస్తేనే తెలుస్తుంది. అలెగ్జాండ్రియా లెక్కల మనిషి పట్టణాలు చూపించినట్టు మనం మేడ్చల్ లారీలు చూద్దాం. గోధుమలకు బదులు వడ్లు తీసుకుందాం. దొడ్డు రకం వడ్లు కిలోకు ఇంచుమించు 40 వేల గింజలు.

16వ గడికి 32,768 గింజలు, కిలో కూడా కాలేదు. రాజు ఇంకా నవ్వుతూనే వున్నాడు. 31వ గడికి 27 టన్నులు, ఒక పెద్ద లారీ నిండింది. 41వ గడికి 1,100 లారీలు. 51వ గడికి 11 లక్షల లారీలు దాటినవి. 64 గళ్ళూ నిండాలంటే, లారీకి 25 టన్నుల చొప్పున, 1,844 కోట్ల లారీలు కావాలి. మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఒకదాని వెనుక ఒకటి, లారీకి పది మీటర్లు ఇచ్చి నిలబెడితే ఆ వరుస 18 కోట్ల కిలోమీటర్లు దాటుతుంది. సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలోనే వున్నాడు!

2016లో ఏర్పడిన మన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా విస్తీర్ణం సుమారు 1,080 చదరపు కిలోమీటర్లు. షామీర్‌పేట చెరువు, రోడ్లు, ఇండ్లు అన్నీ కప్పుతూ ఆ వడ్లను జిల్లా అంతా సమంగా పోస్తే చార్మినార్ ఎత్తుకు పది రెట్లకు పైనే లేస్తుంది. నేడు ప్రపంచమంతటా ఏటా పండే వడ్లు ఇంచుమించు 80 కోట్ల టన్నులు. ఆ లెక్కన సిస్సా బాకీ తీర్చడానికి 570 ఏండ్లకు పైగా ఎవరూ అన్నం తినకుండా వుండాలి.

మనకు దీనితో పని ఏమి?

కొందరు పెద్దలు అనవచ్చు, మాస్టర్ సాబ్, కథ బాగున్నది గాని మా ఇంటికి దీనితో ఏం పని అని. పని వున్నది. ఆ రాజు ఎందుకు మోసపోయినాడు? మొదటి పది, పదిహేను గళ్ళు చూసి, ముందు కూడా ఇంతే అనుకున్నాడు. రెట్టింపు మొదట్లో పిల్లిలా వుంటుంది, చివరలో పులి అవుతుంది.

నేడు బస్తీలలో తిరిగే గొలుసుకట్టు పథకాలు యీ రాజుకు చెప్పిన లెక్కే మనకు చెప్తున్నవి. ఇంత డబ్బు కట్టండి, ఇద్దరిని చేర్చండి, వారు ఇద్దరిద్దరిని చేరుస్తారు, మీ డబ్బు రెట్టింపై వస్తుంది అంటారు. పై మెట్టున ఒకడు, కింద ఇద్దరు, కింద నలుగురు, ఎనమండుగురు. అదే చదరంగపు బల్ల! 21వ మెట్టుకు పది లక్షల మంది దాటి కావాలి. 32వ మెట్టుకు 214 కోట్ల మంది కావాలి, మన దేశంలోనే అంత మంది లేరు. కనుక గొలుసు ఎక్కడో తెగక తప్పదు.

తెగినప్పుడు పోయేది ఎవరి డబ్బు? ఇప్పుడు అల్‌బిరూనీ రెండో సూత్రం గుర్తుచేసుకోండి. చివరి గడిలోని సంఖ్య, వెనుక గళ్ళన్నింటి మొత్తం కంటె ఒకటి ఎక్కువ. అనగా గొలుసు ఏ రోజు తెగినా, చేరిన వారిలో సగానికి మించి చివరి మెట్టు మీదనే వుంటారు. కింద ఎవరూ లేని వారు, కట్టినదంతా పోగొట్టుకునే వారు. పథకం నడిపేవాడు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నే లేదు, లెక్కే అట్లా వున్నది. అందుకే మన ప్రభుత్వం 1978లో చట్టం చేసి డబ్బు తిరుగుడు పథకాలను నిషేధించింది. అయినా పేరు మార్చుకొని వస్తూనే వున్నవి. కుట్టుమిషన్ మీద, ఆటో మీద, గల్ఫ్ చెమట మీద కూడబెట్టిన పైసలు, బిడ్డ షాదీకి దాచిన పైసలు అందులో పోయిన ఇండ్లను మేము చూచినాము. తెచ్చి చేర్పించినది కూడా పరాయివాడు కాదు, బంధువే, పొరుగువాడే. డబ్బుతో పాటు చుట్టరికం కూడా తెగింది. వెయ్యేండ్ల క్రితం కాగితం మీద వున్న ఒక్క సూత్రం ఇంట్లో ఎవరికైనా తెలిసి వుంటే ఆ పైసలు మిగిలేవి.

రెండో పని పిల్లల చదువు. పదవ తరగతి కాగానే, రియాజీ మన వల్ల కాదు, అది పెద్దవాళ్ళ చదువు, ఇంగ్లీషు వాళ్ళ చదువు అని మన ఇండ్లలో అనేస్తారు. ఆడపిల్లల విషయంలో ఇంకా తొందరగా అంటారు. షామీర్‌పేట పక్కనే 2008 నుండి బిట్స్ విద్యాసంస్థ హైదరాబాద్ ప్రాంగణం నడుస్తున్నది. దేశం నలుమూలల నుండి పిల్లలు రైలెక్కి అక్కడికి వస్తున్నారు. మన పిల్లలు ఆ గోడ పక్క నుండి నడిచి పోతున్నారు. ఆ గేటు లోపలికి పోవడానికి కావలసినది రియాజీయే. అది పరాయి చదువు కాదని చెప్పడానికే యీ చరిత్ర అంతా వ్రాసినాము. ఖ్వారిజమ్ వాడు అరబ్బీలో చేసినాడు, తెలుగువాడు తెలుగు పద్యంలో చేసినాడు. ఉర్దూ మీడియం పిల్లకు అబ్జద్ ద్వారా, తెలుగు మీడియం పిల్లవానికి మల్లన ద్వారా యీ ఆస్తి మీద హక్కు వున్నది.

మన సభ్యులకు మా విన్నపం ఒకటే. యీ ఆదివారం ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టి ఒక నోటుబుక్కు కాగితం మీద 64 గళ్ళు గీయించండి. మొదటి గడిలో ఒకటి వ్రాయించి, రెట్టింపు చేయమనండి. ఎనిమిది గళ్ళ తరువాత, వెనుక వాటి మొత్తం ఎంత అని అడగండి. ఒకటి తక్కువ అని పిల్లవాడు తనంతట తాను కనిపెడితే షాబాష్ అని వీపు తట్టండి. ఆ తరువాత ఎవరైనా మీ గుమ్మం ఎక్కి రెట్టింపు మాట చెప్పితే, ఆ కాగితాన్ని ముందు పెట్టి, చివరి గడిలో ఎవరున్నారో చూపించండి భాయ్ అని అడగండి.